వాపు ఒక్క కీలుకే, నొప్పి పన్నెండింటికి: కీళ్ళవాతంతో వచ్చిన ఒక డిప్రెషన్ కేసు

మానసిక చికిత్స చేసే నాకు రుమటాలజిస్ట్ (కీళ్ళవాతం చూసే డాక్టర్) పంపిన రిఫరల్ చీటీలో ఉన్నవి రెండు మూడు లైన్లే. స్కోరు ప్రకారం జబ్బు తీవ్రంగా ఉంది, చేతులు పట్టి చూస్తే అంత కనిపించడం లేదు, తర్వాతి మందు టోఫాసిటినిబ్ మొదలుపెట్టే ముందు మానసికంగా ఎలా ఉందో చూడండి అని. ఇలా ఆగి అడిగే డాక్టర్లు తక్కువ. చాలాసార్లు స్కోరు పెరిగితే మందు పెరుగుతుంది, అంతే.

పేషెంట్ అనుమతితో రాస్తున్నాను. ఊరు, కుటుంబం, పనికి సంబంధించిన గుర్తులు కొన్ని మార్చాను.

ఆమె వయసు 41. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఇంటర్ వరకు చదివారు. పెళ్ళయ్యాక నేర్చుకున్న మగ్గం పని పదహారేళ్ళు చేశారు. పెళ్ళిళ్ళ సీజన్లో చేతినిండా జాకెట్లు ఉండేవి. భర్త ఎలక్ట్రీషియన్. కూతురు డిగ్రీ చివరి ఏడాది, కొడుకు ఇంటర్. అత్తగారు వాళ్ళతోనే ఉంటారు. నాలుగేళ్ళ కిందట పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడంతో మొదలైంది. ఏడాది పాటు నాటుమందులూ, ఆర్‌ఎంపీ సూదులూ నడిచాక రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్ళారు. కీళ్ళవాతానికి చేసే రక్తపరీక్షలు ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. మా దగ్గరికి వచ్చేనాటికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 5 మి.గ్రా. వాడుతున్నారు. వీటికి తోడు మెడికల్ షాపులో తెచ్చుకునే డైక్లోఫెనాక్ నొప్పి గోళీలు. ఆ సంగతి రుమటాలజిస్ట్‌కు చెప్పలేదు.

స్కోరు సంగతి

ఈ కేసు అర్థం కావాలంటే డాస్28 అనే స్కోరు ఎలా కడతారో కొంచెం తెలియాలి. అందులో నాలుగు అంకెలుంటాయి: 28 కీళ్ళలో నొక్కితే నొప్పి అనేవి ఎన్ని, వాచినవి ఎన్ని, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) సంగతి చెప్పే రక్తపరీక్ష ఈఎస్‌ఆర్ ఎంత, చివరగా మొత్తం మీద తనకు ఎలా ఉందో పేషెంటే సున్నా నుంచి నూరు లోపు వేసుకునే మార్కు. ఆమెకు నొప్పి కీళ్ళు 12, వాచిన కీలు 1, ఈఎస్‌ఆర్ 24, సొంత మార్కు 80. ఫార్ములాలో వేస్తే 5.56 వచ్చింది. 5.1 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క.

నాలుగింటిలో రెండు పేషెంట్ నోటి నుంచి వచ్చేవే. పైగా ఫార్ములాలో నొప్పి కీళ్ళకు ఉన్న బరువు (0.56) వాచిన కీళ్ళకు ఉన్న బరువుకు (0.28) రెట్టింపు. మనసు బాగోలేనప్పుడు నొప్పి ఎక్కువ తెలుస్తుంది, సొంత మార్కూ ఎక్కువ పడుతుంది. అలా డిప్రెషన్ కాస్తా కీళ్ళవాతం పేరు మీద చార్టులోకి ఎక్కుతుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు, నొప్పి నిజమే. అయితే ఆ నొప్పిని పెంచుతున్నది కీళ్ళలోని మంటేనా అన్నది అసలు ప్రశ్న. అల్ట్రాసౌండ్‌లో మణికట్టు, వేళ్ళ కీళ్ళలో చురుకైన మంట దాదాపు కనిపించలేదు. నొప్పికీ వాపుకీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంకో మందు వేసేముందు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాలని నా అభిప్రాయం. ఆ మందులకు టీబీ, హెర్పీస్ లాంటి ఇన్‌ఫెక్షన్ల రిస్కు ఉంది, ఖర్చూ ఉంది.

మొదటి ఇంటర్వ్యూ

భర్త కూడా వచ్చారు. మొదటి పావుగంట ఆయనే మాట్లాడారు. మందులు, తేదీలు, రిపోర్టులు అన్నీ ఆయన ఫైల్లో వరుసగా ఉన్నాయి. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన్ని బయట కూర్చోమన్నాక కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్న మొదటి మాట, "ఆయన చాలా మంచోడు మేడం. అందుకే ఏమీ అనలేను."

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 19 వచ్చింది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఈ మొత్తం అంకెను అలాగే నమ్మకూడదు. తొమ్మిది ప్రశ్నల్లో నిద్ర, నీరసం, ఆకలి వంటివి జబ్బు వల్ల కూడా మారతాయి. 2013లో లండన్ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఇంటర్వ్యూతో నిర్ధారించిన మేజర్ డిప్రెషన్ 16.8 శాతం ఉంటే, పీహెచ్‌క్యూ-9తో కొలిచినప్పుడు 38.8 శాతం తేలింది. ఈ తేడాకు ఒక కారణం అదే. అందుకే ప్రశ్నలు విడదీసి చూశాను. నిద్ర 3, నీరసం 3, ఆకలి 1, ఏకాగ్రత 2. వీటిని పక్కన పెట్టినా ఆసక్తి లేకపోవడం 3, దిగులు 3, తనమీద తనకు అసహ్యం, తప్పు చేశానన్న భావన 3, చావు ఆలోచన 1. పన్నెండుకి పది. శారీరక లక్షణాలను కావాలనే వదిలేసి తయారుచేసిన హాడ్స్ స్కేల్‌లో కూడా డిప్రెషన్ 14, ఆందోళన 12 వచ్చాయి. 11, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి.

స్కేళ్ళకన్నా నాకు ఎక్కువ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. "చేయాలని ఉండి చేయలేకపోతున్నారా, చేయాలనే అనిపించడం లేదా?" కీళ్ళవాతం ఒక్కటే ఉన్నవాళ్ళు సాధారణంగా మొదటిది చెప్తారు, అదీ చిరాగ్గా. ఆమె కాసేపు ఆలోచించి, మొదటి రెండేళ్ళు చేయాలని ఉండేదనీ, ఇప్పుడు అదీ పోయిందనీ అన్నారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుందట. నొప్పితో కాదట, ఊరికే. ఆ వేళలో "పొద్దున్నే లేవకుండా ఉంటే బాగుండు" అనిపిస్తుందన్నారు. ప్లాన్ ఏమీ లేదు, గతంలో ప్రయత్నం లేదు.

ఇతర కారణాలు వెతకడంలో పెద్దగా ఏమీ దొరకలేదు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది. హిమోగ్లోబిన్ 10.4, దానికి ఐరన్ మొదలుపెట్టారు. స్టెరాయిడ్ వల్ల మూడ్ మారడం నిజమే గానీ అది ఎక్కువగా పెద్ద డోసుల్లో చూస్తాం. 1972లో బోస్టన్‌లో జరిగిన పెద్ద పరిశీలనలో రోజుకు 40 మి.గ్రా. లోపు వాడినవాళ్ళలో మానసిక లక్షణాలు 1.3 శాతం మందిలోనే వచ్చాయి, 80 దాటినవాళ్ళలో 18.4 శాతం. 5 మి.గ్రా. మీద నెపం వేయడం కష్టం. ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా ఛాయలున్నా ప్రమాణాలకు సరిపోలేదు. ఒంట్లో మంటే మెదడు మీద పనిచేసి దిగులు పుట్టించే దారి కూడా ఉంది. హెపటైటిస్-సీకి ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు వాడిన రోజుల్లో, అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్ళు కూడా డిప్రెషన్‌లోకి వెళ్ళడం డాక్టర్లు కళ్ళారా చూశారు. ఆమె విషయంలో జబ్బు మొదటి ఏడాదిలో అది కొంత పాత్ర పోషించి ఉండవచ్చు. ఇప్పుడు మంట తగ్గింది, దిగులు తగ్గలేదు.

దిగులును నిలబెట్టినవి

మొదట చెప్పాల్సింది పథ్యం గురించి. మన దగ్గర కీళ్ళవాతం అనగానే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మానేయమంటారు. ఆమె బంగాళదుంప మానేశారు, వంకాయ, గోంగూర, చింతపండు పులుసు, పెరుగు, పప్పు, చికెన్ మానేశారు. ఒక దశలో అన్నంలోకి పొట్లకాయ, బీరకాయ, మజ్జిగ తప్ప ఏమీ లేవు. మానేసినప్పుడల్లా కొన్నాళ్ళు ఆశ, తర్వాత మళ్ళీ కీళ్ళు పట్టేయడం. అప్పుడు ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "నిన్న ఏం తిన్నావు?" అత్తగారు ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఏదో ఒక జవాబు దొరుకుతుంది. చుట్టాలింట్లో తిన్న పులిహోర, పండగనాటి గారె. నాలుగేళ్ళలో ఆమెకు జబ్బు గురించి ఏర్పడిన నమ్మకం ఇది: ఇది నా చేతిలో ఉంది, నేనే నిలబెట్టుకోలేకపోతున్నాను.

జబ్బు మీద అదుపు లేదనుకోవడం నిస్సహాయతకు దారి తీస్తుందని పుస్తకాల్లో చదువుతాం. ఆమెలో కనిపించింది అంతకన్నా మెలికపడ్డ విషయం. పథ్యం వల్ల అదుపు ఉందన్న నమ్మకం, ఫలితంలో అదుపు లేకపోవడం, రెండూ కలిసి తప్పంతా ఆమె నెత్తిన వేశాయి. పీహెచ్‌క్యూలో తప్పు చేశానన్న ప్రశ్నకు 3 వేయడం వెనక ఉన్నది ఇదే. "ఏ జన్మలో ఏం చేశానో" అనే మాట కూడా వచ్చింది కానీ దాన్ని ఆమె అంత బరువుగా పట్టుకోలేదు. నిన్న తిన్న గారెనే పట్టుకున్నారు.

రెండోది మగ్గం. ఆమె పనితనానికి ఊళ్ళో పేరుంది. వేరేచోట కుట్టించుకున్నవాళ్ళు కూడా సరిచేయించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవారట. జబ్బు ముదిరాక సూది పట్టు తప్పింది, పూసలు జారాయి. ఒక పెళ్ళి జాకెట్ ఆలస్యమై మాట పడ్డారు. ఆ వారమే ఫ్రేమును అటక ఎక్కించారు. ఇంటికి ఆదాయం తగ్గింది, అదొక లెక్క. దాన్ని మించి, పదహారేళ్ళు తన పేరుతో నడిచిన ఒక చోటు ఇంట్లో లేకుండా పోయింది. ఆ గదిలో ఇప్పుడు మంచం వేశారు, ఆమె పడుకోవడానికి. అది వేసింది భర్తే.

మూడోది ఆయన అతి జాగ్రత్త. ఆయన గురించి ఆమె మొదట అన్న మాట ఇక్కడ అర్థమైంది. జబ్బు మొదలైనప్పటి నుంచి ఆయన వాషింగ్ మెషిన్ కొన్నారు, పనిమనిషిని పెట్టారు, పొయ్యి దగ్గరికి రానివ్వరు. రోజుకు పది సార్లు "నొప్పి ఎలా ఉంది?" అని అడుగుతారు. దీర్ఘకాలం నొప్పి ఉన్నవాళ్ళలో ఇలాంటి అతి జాగ్రత్త నొప్పినీ, ఇతరుల మీద ఆధారపడటాన్నీ పెంచుతుందని మానసిక వైద్యంలో చాలాకాలంగా చూస్తున్నదే. ఇంట్లో హింస, నిర్లక్ష్యం ఉంటే పేరు పెట్టి చెప్పవచ్చు. ప్రేమ మీద ఫిర్యాదు ఎవరికి చెప్పుకుంటారు? కృతజ్ఞత ఆమె నోరు కట్టేసింది.

నాలుగోది దాపరికం. కూతురికి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. "తల్లికి ఉంటే పిల్లకూ వస్తుంది" అంటారన్న భయంతో జబ్బు సంగతి చుట్టాల్లో ఎవరికీ తెలియనివ్వలేదు. సొంత ఊళ్ళో చూపించుకోకుండా విజయవాడ వెళ్ళేవారు. పెళ్ళిళ్ళకు వెళ్తే వంగి బరువైన పళ్ళెం అందుకోవాల్సి వస్తుందని వెళ్ళడమే మానేశారు. వెళ్ళకపోతే గర్వం అన్నారు. ముఖం కాస్త ఉబ్బితే, బాగానే తింటున్నావన్నారు. పైకి కనిపించని జబ్బుకు ఇదొక శిక్ష. దాచినకొద్దీ ఓదార్చేవాళ్ళు తగ్గిపోతారు.

నొప్పి గురించి భయంకరంగా ఊహించుకోవడాన్ని కొలిచే స్కేల్‌లో 52కి 31 వచ్చింది, అదీ తక్కువేం కాదు. అయితే ఈ కేసులో దాన్ని కారణంగా కన్నా పర్యవసానంగా చూశాను. పని పోయి, పథ్యం ఓడి, రోజంతా మంచం మీద ఉన్న మనిషికి ఆలోచించడానికి నొప్పి తప్ప ఏం మిగిలింది?

చేసిన పని

మొదటి రోజే భద్రత చూశాం. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకున్నా ప్రాణం మీదికొస్తుంది. అందుకని స్ట్రిప్పులన్నీ భర్త దగ్గర ఉండాలనీ, ఆదివారం రాత్రి ఆ వారం డోసు మాత్రమే ఇవ్వాలనీ ముగ్గురం కలిసి అనుకున్నాం. మూడింటికి మెలకువ వచ్చి మనసు మరీ బాగోకపోతే భర్తను లేపాలి. అది కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు. అందులో తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా.

తీవ్రత చూసి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను. ఒళ్ళు నొప్పులకు కూడా పనికొస్తుందని ఇలాంటి కేసుల్లో డులోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు వైపు మొగ్గు చూపుతారు. మెథోట్రెక్సేట్ వాడుతున్నారు, లివర్ ఎంజైములు కాస్త ఎక్కువగా ఉన్నాయి, అందుకని ఆయన సెర్ట్రలిన్ 25తో మొదలుపెట్టి 50కి పెంచారు. సెర్ట్రలిన్‌తో డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం రిస్కు పెరుగుతుంది, స్టెరాయిడ్ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ గోళీల సంగతి అప్పుడే రుమటాలజిస్ట్‌కు తెలిసింది, ఆపించారు.

మా పని వారానికోసారి, మూడు నెలలకు పైగా సాగింది. ముందు పథ్యం చేపట్టాం. వాదించలేదు. నోట్‌బుక్‌లో రోజూ నాలుగు విషయాలు రాయమన్నాను: ఏం తిన్నారు, ఎంత పని చేశారు, ఎలా పడుకున్నారు, కీళ్ళు ఎలా ఉన్నాయి. మందు వేసుకున్న రోజు గుర్తు పెట్టమన్నాను. ఐదారు వారాలు తిరగేసి ఆమే వేలు పెట్టి చూపించారు. గోంగూర తిన్న రోజులకూ కీళ్ళు పట్టేసిన రోజులకూ పొంతన లేదు. పట్టేసిన రోజులు రెండు చోట్ల పోగుపడ్డాయి. ఒకటి, బాగుందని ఆగకుండా ఇల్లంతా సర్దిన మర్నాడు. రెండోది, మెథోట్రెక్సేట్ ఎగ్గొట్టిన వారాలు. అవును, ఎగ్గొడుతున్నారు. "వేడి చేస్తుంది మేడం, నోరు పూస్తుంది" అన్నారు. నోరు పూయకుండా ఇచ్చిన ఫోలిక్ యాసిడ్‌ను బలం గోళీ అనుకుని పక్కన పెట్టేశారు. అది మళ్ళీ మొదలుపెట్టాక నోటిపూత తగ్గింది, డోసు తప్పడం తగ్గింది. ఇక్కడ మానసిక చికిత్సకూ మందుల సలహాకూ మధ్య గీత గీయడం నాకు చేతకాదు.

తర్వాత బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగుపడ్డాక పని చేద్దాం అని ఎదురుచూడకుండా, చిన్న పనులు ముందే వేళ ప్రకారం చేయించి మనసును వెనక రప్పించడం. గోవాలో మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, కొద్దిపాటి శిక్షణ పొందిన కౌన్సిలర్లతో ఇదే పద్ధతి చేయించి మంచి ఫలితం చూసిన అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఒక మార్పు చేయాలి. నొప్పి వచ్చేదాకా చేసి ఆపితే మర్నాడు పడకే. బాగున్నా సరే, టైమర్ మోగగానే ఆపాలి. మొదట పదిహేను నిమిషాలు పెట్టాం. ఆమెకు కష్టమైంది మొదలుపెట్టడం కన్నా ఆపడమే.

ఏ పని అన్న దగ్గర మాత్రం చిక్కుకున్నాం. డిజైన్లు గీసి ఇచ్చి, కుట్టడం వేరేవాళ్ళతో చేయించవచ్చు కదా అని భర్త అన్నారు. మంచి ఆలోచనే. ఆమె ముఖం మాడిపోయింది. "చెయ్యి కదలకపోతే అది నా పని ఎలా అవుతుంది?" పోయినదానికి ఏడవకుండా కొత్తదానికి ఒప్పుకోమనడం ఎవరికైనా అన్యాయమే. కొన్ని వారాలు ఆ ఆలోచన పక్కన పెట్టి, తాను కుట్టిన వాటి గురించే చెప్పమన్నాను. ఫోన్లో ఫొటోలు చూపించారు. నెమలి మెడ దగ్గర జరీ ఎలా తిప్పారో, కుందన్ ఊడకుండా ఎక్కడ ముడి వేశారో. అలా చెప్తున్నప్పుడే ఒకసారి గట్టిగా ఏడ్చారు. ఆ తర్వాతి వారం తనంతట తానే ట్రేసింగ్ పేపర్ కొనుక్కొచ్చారు.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ రాత్రిపూటకు మణికట్టు స్ప్లింట్ ఇచ్చి, సూది పిడికి మెత్తటి లావుపాటి పట్టు చుట్టించారు. రోజుకు రెండు విడతలు, పావుగంట చొప్పున ఆమె స్వయంగా కుడతారు. మిగతాది నేర్చుకోవడానికి వచ్చే ఇద్దరు అమ్మాయిలు చేస్తారు. మంచం హాల్లోకి వెళ్ళింది.

భర్తతో పెట్టిన సిట్టింగ్‌లో ఆయన ఏడుస్తారనుకోలేదు. అడగకపోతే నిర్లక్ష్యం చేసినట్టు అనిపిస్తుందన్నారు. నొప్పి గురించి పొద్దున ఒకసారి అడిగితే చాలని ఒప్పందం. సాయంత్రం అడగాల్సిన ప్రశ్న వేరే: "ఈరోజు ఏం గీశావు?" పోపు పెట్టడం, కూతురికి జడ వేయడం ఆమెకే వదిలేయాలని కూడా రాసుకున్నాం. జడ వదులుగా వస్తుందని కూతురు నవ్వుతుందట, వేయించుకుంటుందట.

దాపరికం దగ్గర సగం దూరమే వెళ్ళగలిగాం. అంకెలు చెప్పాను. మన దేశంలో పల్లెల్లో జరిగిన ఒక సర్వేలో ఈ జబ్బు వందలో ఒకరికన్నా తక్కువమందికి, 0.75 శాతం మందికి తేలింది. తల్లికి ఉంటే అవకాశం సుమారు మూడు రెట్లు. అంటే అప్పుడు కూడా వందలో తొంభై ఏడు మందికి పైగా పిల్లలకు రాదు. కూతురు అప్పటికే ఇంటర్నెట్‌లో అంతా చదివేసి ఉంది. తల్లీకూతుళ్ళు మొదటిసారి దాని గురించి మాట్లాడుకున్నారు. సొంత అక్కకు చెప్పారు. పెళ్ళివారికి చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయం, నేను చెప్పాల్సింది కాదు.

ఫలితం

నాలుగో నెలలో పీహెచ్‌క్యూ-9 స్కోరు 8. నిద్ర 2, నీరసం 2, మిగతావన్నీ ఒకటి లేదా సున్నా. చావు ఆలోచన సున్నా. అంటే మిగిలినదాంట్లో సగం కీళ్ళవాతానిదే కావచ్చు. హాడ్స్ డిప్రెషన్ 6. డాస్28లో నొప్పి కీళ్ళు 3, వాచిన కీలు 1, ఈఎస్‌ఆర్ 22, సొంత మార్కు 35, మొత్తం 3.90. ఈఎస్‌ఆర్, వాపు దాదాపు కదల్లేదు, స్కోరు మాత్రం తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగింది. మెథోట్రెక్సేట్ సరిగా వేసుకోవడం వల్ల కొంత, డిప్రెషన్ తగ్గడం వల్ల కొంత. ఏది ఎంత అని ఒక్క కేసులో విడదీయలేం. టోఫాసిటినిబ్ మొదలుపెట్టలేదు. 3.90 అంటే జబ్బు అదుపులో ఉన్నట్టు కూడా కాదు, అందుకే మెథోట్రెక్సేట్‌ను ఇంజక్షన్ రూపంలోకి మార్చాలా అని రుమటాలజిస్ట్ ఆలోచిస్తున్నారు.

వానాకాలంలో ఒకసారి నిజంగానే కీళ్ళు తిరగబెట్టాయి. ఈసారి మణికట్లు వాచాయి, ఈఎస్‌ఆర్ కూడా పెరిగింది. కొన్నాళ్ళు స్టెరాయిడ్ పెంచారు. పీహెచ్‌క్యూ 11కి వెళ్ళి, రెండు నెలల్లో 7కి వచ్చింది. కీళ్ళు తిరగబెట్టిన వారం ఇంట్లో మళ్ళీ "ఏం తిన్నావు?" అన్నారట. నోట్‌బుక్ తీసి అత్తగారికి చూపించానని చెప్పారు.

సెర్ట్రలిన్ కనీసం ఇంకో ఆరు నెలలు కొనసాగుతుంది. రుమటాలజీ రివ్యూకు వెళ్ళిన ప్రతిసారీ డాస్28తోపాటు పీహెచ్‌క్యూ-9 కూడా నింపి, ప్రశ్నలవారీగా చార్టులో పెట్టాలని ఆ క్లినిక్ నర్సుతో మాట్లాడుకున్నాం. కూతురికి ఒక సంబంధం దాదాపు కుదిరేలా ఉంది. దాని గురించి మాట్లాడటానికి వచ్చే నెల మళ్ళీ వస్తామన్నారు, ఈసారి ముగ్గురూ.